పక్కనున్న పిల్ల

రెండు వేల ఇరవై నాలుగు, జూలై పద్నాలుగు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ కూర, చారు, మజ్జిగ. వండింది నేనే. కూరలో ఉప్పు ఎక్కువైంది. మా అమ్మాయి రాణి ఆ మాట అనకుండా అన్నం మరికాస్త పెట్టించుకుని కలుపుకుంది. ఆమె మధురవాడలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఆదివారాలు కంచరపాలెం వచ్చి నేను ఏం తింటున్నానో, బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో చూసి వెళ్తుంది. సత్యశ్రీ పోయి అప్పటికి ఏడు నెలలు.

తిన్నాక రాణి బీరువా మీదున్న ఆల్బమ్‌లన్నీ దించింది. వర్షాలు మొదలైన దగ్గర్నుంచి ఆ గదిలో ఒక వాసన వస్తోంది. గోడ చెమ్మ అనుకున్నాను. గోడ కాదు, ఫోటోలు. మా ఊరి గాలికి తోలు చెప్పులే వారం రోజుల్లో బూజు పడతాయి, ముప్పై ఏళ్ళుగా కదపని కాగితం ఎంత? తొమ్మిది ఆల్బమ్‌లు. జిగురు పేజీ మీద ఫోటో అంటించి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పే రకం. అప్పట్లో అవే గొప్ప. ఆ జిగురు పసుపురంగుకి తిరిగి, ఫోటోల్ని తనలోకి లాగేసుకుంది.

నేను మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను. రాణి నా మోచెయ్యి తట్టింది.

"నాన్నా, ఒకోటీ సూత్తూ కూకుంటే ఏడాది పట్టీద్ది. ఉంచీవి, ఫోన్లో తీసుకునీవి, పారీసీవి. మూడే కుప్పలు. ఏటంటావు?"

సరే అన్నాను. ఆఫీసులో ఇంగ్లీషు, మా ఇంటికొస్తే వాళ్ళమ్మ మాట. ఆ మాట వినడం కోసం ఎన్ని కుప్పలైనా పెట్టేవాణ్ణి.

మూడో ఆల్బమ్ నేను తిప్పుతుండగా ఆ పేజీ వచ్చింది. పేజీ నడుమ మనిషి ఆకారంలో కంత. తల, భుజాలు, ముడుచుకున్న మోకాళ్ళు. ఆ కంతలోంచి వెనక పేజీలో ఎవరిదో పెళ్ళిపందిరి కనిపిస్తోంది.

ఆ కంత చేసింది నేనే. పోయిన డిసెంబరులో, సత్యశ్రీ పెద్దకర్మకి ఫోటో కావాల్సి వచ్చినప్పుడు. ఈమధ్య తీసినవాటన్నిట్లో ఆమె జబ్బుమనిషి. వెతగ్గా వెతగ్గా ఇది దొరికింది. పాత ఇంటి పెరటి మెట్టు మీద కూర్చుని సూటిగా చూస్తూ నవ్వుతోంది. పక్కన ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. ప్లాస్టిక్ మెరుస్తోంది, ఫోటో బయటికి తీసి ఇవ్వండి అన్నాడు స్టూడియో కుర్రాడు. మూల పట్టి లాగితే పైపొర చిరుగుతోంది. ముఖం దాకా చిరుగుతుందేమోనని వదిలేశాను. సబ్బవరం నుంచి వచ్చిన మా బావమరిది అప్పలసూరి పక్కనే ఉన్నాడు.

"మొత్తం తీడం ఎందుకు బావా? అక్క మటుకూ కోసీ. దండేసీ ఫోటోలో పక్కన ఇంకెవులూ ఉండకూడదు. బతికున్నోలకి మంచిది కాదు."

మా వాళ్ళలో ఉన్న పట్టింపే అది. నేను గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, అట్టతో సహా ఆమె చుట్టూ కోశాను. పక్కన పిల్ల ఉందని తెలుసు. ఎవరని ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ కంత వైపు చూడలేకపోయాను. ఇంట్లో ఎక్కడ చూసినా ఆమె లేకపోవడం తెలుస్తూనే ఉంది. దానికి ఇలా రూపురేఖలు కూడా ఉండడం భరించలేకపోయాను. రాణి అటు తిరిగి ఏదో తుడుస్తోంది. పేజీ ఊడదీసి, కంత చుట్టూ ఏం మిగిలిందో చూడకుండా రెండుగా మడిచి, పారేసే సంచిలో పెట్టాను. మర్నాడు పొద్దున్న చెత్తబండి వచ్చింది. సంచి నా చేతులతోనే ఇచ్చాను.

ఆ గురువారం వన్‌టౌన్ వెళ్ళాను, షరీఫ్ దగ్గరకి. కోటవీధి పక్క సందులో షరీఫ్‌ది ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. ముందుగది కొట్టు, వెనక ఇల్లు. పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తల్లో నేనూ అక్కడే, ఒకే పెంకుటింట్లో వాళ్ళ పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఎనిమిదేళ్ళు. రెండిళ్ళకీ ఒకటే కొళాయి. షరీఫ్ భార్య ఆమినాబీ మొదటిరోజే నన్ను అన్నయ్యా అంది, సత్యశ్రీని ఒదినా అంది. దాంతో షరీఫ్‌కి నేను బావనైపోయాను. సత్యశ్రీ ఫోటోకి ఫ్రేము కట్టింది కూడా అతనే. పనికి ఏమీ పుచ్చుకోలేదు.

అంటుకుపోయిన ఫోటోలు చిరక్కుండా ఊడదీసే ఉపాయం ఏమైనా ఉందా అని అడిగాను, ఒక ఆల్బమ్ ముందు పెట్టి. షరీఫ్ కళ్ళద్దాలు సర్దుకుని, కుట్టుదారం జానెడు తుంచాడు. రెండు కొసలూ రెండు వేళ్ళకి చుట్టుకుని, ఫోటో మూల కిందకి దారం దూర్చి, రంపం లాగినట్టు ఇటూ అటూ మెల్లగా కదిపాడు. దారం లోపలికి నడుస్తోంది. నిమిషం, నిమిషమున్నర. ఫోటో పండు తొక్కలా విడివడి అతని అరచేతిలో పడింది. గీత కూడా పడలేదు.

"ఇంతే బావా. వాన లేని పూట చెయ్యి. తీసినవి ఫేను కింద ఆరబెట్టి, బటరు పేపరు మధ్యన పెట్టుకో." ఆల్బమ్ మూసి నావైపు తోశాడు. "బ్లేడు మటుకు ఇంకెప్పుడూ పెట్టకు."

అలాగే అన్నాను. దారం ముక్క చొక్కా జేబులో వేసుకున్నాను, అలాంటిది మా ఇంట్లో దొరకదన్నట్టు.

ఆమినాబీ టీ తెచ్చింది. రెండో చేతిలో రెండు వారాల పాప. షరీఫ్ కొడుకు ఫరాజ్ స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. అతని కూతురు. కోడలికి తల్లి లేదు, పురుడు ఇక్కడే పోశారు. నేను పాపని చూసి బాగుందన్నాను. ఆమినాబీ కూర్చోలేదు. ఆల్బమ్ వైపు చూస్తూ నిలబడింది.

మీ దగ్గర మాహిరా ఫోటో ఒకటి ఉండాలి అంది.

నాకు వెంటనే అందలేదు. ఆమే గుర్తుచేసింది. రాణి మొదటి పుట్టినరోజు ముందు నేను ఆఫీసులో ఎవరిదో కెమెరా అడిగి తెచ్చానట. రీలు సరిగా ఎక్కిందో లేదో చూడ్డానికి, పెరట్లో మెట్టు మీద ఒదినని కూర్చోబెట్టి తీశానట. మాహిరా ఆడుకుంటూ వచ్చి పక్కన నిలబడిందట. మాహిరా వాళ్ళ మొదటి పిల్ల. ఆ మరుసటి వానాకాలం జ్వరం వచ్చి ఆరు రోజుల్లో పోయింది. నాలుగేళ్ళు. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోటో హుద్‌హుద్ తుఫానులో, పైపెంకులు ఎగిరిపోయి ట్రంకుపెట్టె నీళ్ళతో నిండినప్పుడు పోయింది. ఫరాజ్ మాహిరా పోయిన తర్వాత ఎప్పుడో పుట్టినవాడు. అక్క ముఖం ఎరగడు.

"ఈ పిల్ల అచ్చం మాహిరాలాగుందంటే ఎవులూ నమ్మట్లేదన్నయ్యా," అంది ఆమినాబీ.

"నెల నిండని పిల్లలందరూ ఒక్కలాగే ఉంటారు," అన్నాడు షరీఫ్ మేకులు ఏరుకుంటూ. "మీ అమ్మకి నేనూ ఎవరిలాగో కనిపించే పిల్లనిచ్చింది."

ఆమె నవ్వలేదు. పాపని భుజం మార్చుకుంది.

"నిజం సెప్పాలంటే నాకే మొకం గుర్తుకి రాట్లేదు. నవ్వు తెలుస్తాది. జుత్తు తెలుస్తాది. మొకం కూడదీసుకుందావంటే రాదు. ఇప్పుడు దీన్ని సూసి సూసి, దీని మొకవే దానికి పెట్టేత్తన్నానేమో అని బయవేత్తంది."

షరీఫ్ చేతిలో మేకులు ఆగాయి. తలెత్తలేదు. చూస్తాడులే, తొందరెందుకు అని మెల్లగా అన్నాడు. చూస్తానమ్మా అన్నాను నేను. పాపకి నలభయ్యోరోజు వేడుక ఆగస్టు పద్నాలుగున వస్తుందనీ, ఆ రోజుకి అందరూ వస్తారు గనక అప్పటికి దొరికితే చాలనీ ఆమినాబీ చెప్పింది.

కాన్వెంటు జంక్షన్ దాకా బస్సులో నిలబడే వచ్చాను. పక్కనున్న కుర్రాడు లేచి సీటిచ్చాడు. నేను చూడకుండా మడిచి సంచిలో వేసిన పేజీలో మిగిలింది మాహిరాయే.

ఇంటికొచ్చి బీరువా సొరుగులో స్టూడియో కవరు తీశాను. పెద్దది చేశాక నేను కోసిన అసలు ముక్క వాళ్ళు తిరిగిచ్చేశారు. డిసెంబరు నుంచీ దాన్ని తీసి చూడలేదు. హాల్లో దండ వేసి ఉన్న ఫోటోలో సత్యశ్రీ వెనక నీలం రంగు మాత్రమే ఉంది, ఒడి నిండా చీర ఉంది. ఈ ముక్కలో ఆమె ఒడిలో ఒక చిన్న చెయ్యి ఉంది. మోచేతి కింద నుంచి వేళ్ళ దాకా. మణికట్టుకి నల్లతాడు, దానికి చిన్న వెండి తాయెత్తు. వేళ్ళు సత్యశ్రీ చిటికెనవేలు పట్టుకుని ఉన్నాయి. మోచేతి దగ్గర నా బ్లేడు వెళ్ళింది.

స్టూడియో కుర్రాడు ఆ చెయ్యి చెరిపి చీర రంగు నింపాడు. మంచి పనివాడు, ఆనవాలు మిగల్చలేదు.

బతికున్నవాళ్ళకి మంచిది కాదన్నాడు అప్పలసూరి. ఆ పట్టింపు చూసుకున్నా కొయ్యనక్కర్లేదు. ఆ పక్కనున్న పిల్ల అప్పటికి ముప్పై ఏళ్ళ కిందటే పోయింది.

మర్నాడు చెత్తబండి కోసం గేటు దగ్గర నిలబడ్డాను. బండితో వచ్చే గురువమ్మకి విషయం చెప్పాను. సోమవారం సంచి శుక్రవారం అడుగుతున్నానని ఆమె నవ్వలేదు. యార్డుకి పోయింది మరి రాదు బాబూ అంది. ఎవుల ఫోటో అని అడిగింది. చెప్పాను. డ్రైవరు హారన్ కొడుతున్నా ఆమె వెంటనే బండెక్కలేదు. ఒక నిమిషం నా పక్కనే నిలబడింది.

రాణి తన ఫోన్లో తీసిన నాలుగొందల ఫోటోలూ రెండుసార్లు వెతికింది. అందులో ఉండదని నాకు తెలుసు. పేజీ తను చూడనే లేదు. నెగెటివ్‌లు గుర్తొచ్చాయి. అటకమీద పాత బిస్కెట్ల డబ్బాలో దొరికాయి. చెమ్మకి అన్నీ ఒకదానికొకటి కరుచుకుని నల్లటి ముద్దయిపోయాయి. డాబాగార్డెన్స్‌లో ఒకతని దగ్గరికి పట్టుకెళ్ళాను. దీపం ముందు పెట్టి, ముద్దని ఇటూ అటూ తిప్పి, కష్టమండీ అని కాగితంలో మళ్ళీ పొట్లం కట్టి జాగ్రత్తగా చేతికిచ్చాడు. పారేయమని అనలేదు.

ఆ ఆదివారం రాణికి మొత్తం చెప్పాను. పళ్ళెంలో వేలితో గీతలు గీసింది.

"వానకి పాడైపోయిందని సెప్పీ నాన్నా. అబద్ధం కూడా కాదు. సగం ఆల్బమ్‌లు అలాగే పోయాయి కదా."

ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. మూడు వారాలు దాన్నే పట్టుకుని తిరిగాను. స్నానం చేస్తూ, కూరలు కోస్తూ, ఆమినాబీతో ఎలా అనాలో కూడబలుక్కున్నాను. వానకి పోయిందమ్మా. చెమ్మకి పోయిందమ్మా. వాన లేని పూటల్లో దారంతో ఫోటోలు ఊడదీస్తూనే ఉన్నాను. రెండొందల యాభై దాకా వచ్చాయి. ఒక్కటి చిరగలేదు. ఒక్కొక్కటి గీత పడకుండా అరచేతిలోకి వచ్చినప్పుడల్లా, డిసెంబరులో ఒక్క మాట షరీఫ్‌ని అడిగి ఉంటే అనిపించేది. ఏడు నెలల ముందు, జానెడు దారం.

మధ్యలో ఆమినాబీ ఒకసారి ఫోన్ చేసింది. ఫోటో మాట ఎత్తలేదు. కాకరకాయ తింటున్నారా, షుగరు ఎలా ఉంది అని అడిగి పెట్టేసింది.

ఆగస్టు పదమూడు సాయంత్రం బయల్దేరాను. కవరు చొక్కా లోపల పెట్టుకున్నాను. ఆ పూట వాన తెరిపిచ్చింది. సందులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. షరీఫ్ కొట్లో ఒక్కడే ఉన్నాడు, గాజు పలక తుడుస్తున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే కవరు తీసి బల్లమీద పెట్టి, జరిగింది చెప్పాను. బ్లేడు సంగతి, సంచి సంగతి.

అతను కవరు తెరవలేదు. గాజు మీద గుడ్డ తిప్పుతూనే ఉన్నాడు.

"కోసింది నాకు తెలుసు బావా," అన్నాడు. "ఫ్రేముకి తెచ్చిన రోజున పెద్ద ఫోటోతో పాటు ఈ ముక్క కూడా కవర్లోనే ఉంది. చెయ్యి చూశాను. తాయెత్తు చూశాను."

"మరి నాతో అనలేదేం?"

"ఆ రోజు నువ్వెలాగున్నావో నీకు తెలీదు. చెప్పులు మార్చేసుకుని వచ్చావు, కుడిది ఎడమకాలికి." గుడ్డ మడతపెట్టాడు. "మిగతా ముక్క ఇంట్లోనే ఉంటాదిలే, ఎక్కడికి పోతాది, నెమ్మది మీద అడుగుదాం అనుకున్నాను. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. నేను ఆ రోజే అడగాల్సింది."

బ్లేడు ఇంకెప్పుడూ పెట్టకు అన్నప్పుడు అతని గొంతు ఎందుకలా ఉందో అప్పుడు అర్థమైంది. నేను ఏడుస్తున్నానని నన్ను ఒక మాట అనకుండా వదిలిపెట్టాడు. ఆ ఒక్క మాట అని ఉంటే పిల్ల ముఖం మిగిలేది. అతని మంచితనాన్ని కూడా నేనే పాడుచేశాను.

లోపలికి తను వెళ్ళి చెప్తానన్నాడు షరీఫ్. వానకి పాడైందని చెప్తే ఏడ్చి ఊరుకుంటుంది, నీ పేరు రానక్కర్లేదు అన్నాడు. నోటి దాకా వచ్చింది, సరే అనడం. లోపలి నుంచి పాపని జోకొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వద్దు, నేనే చెప్తాను అని కవరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

మధ్యగదిలో కోడలు మంచం మీద పడుకుని ఉంది. ఆమినాబీ కింద చాప మీద, మర్నాటి కోసం ఉల్లిపాయలు ఒలుస్తూ, కాలితో ఉయ్యాల ఊపుతోంది. నన్ను చూసి కొంగు సవరించుకుని లేవబోయింది. నేను ఎదురుగా చాప మీదే కూర్చుని చెప్పాను. మూడు వారాలు కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ అక్కరకి రాలేదు. నేనే కోశానమ్మా, నేనే పారేశాను, చూసుకోలేదు అన్నాను. అంతే అయింది.

ఆమె కాలు ఆగింది. ఉయ్యాల కాసేపు తనంతట తనే ఊగి నిలిచిపోయింది.

"ఫోటో తీసింది మీరే కదన్నయ్యా," అంది. "ఏ గౌనేసుకుంది?"

నేను కళ్ళు మూసుకున్నాను. పెరడు కనిపించింది. మెట్టు కనిపించింది. మెట్టు పక్కన తులసి కుండీ కూడా కనిపించింది. సత్యశ్రీ చీర రంగు, ఆమె ఎండకి ఒక కన్ను చిట్లించి త్వరగా కానీయండి అనడం, అన్నీ ఉన్నాయి. కెమెరా కంటి ముందు పెట్టుకుని ఆ పిల్లవైపు కూడా చూసి ఉంటాను. కాని నేను చూసింది నా భార్యని. ముప్పై ఒక్క ఏళ్ళ కింద కూడా అంతే.

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. నేను కవర్లోంచి ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాను. లైటు కిందకి జరిగి, కళ్ళద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తాయెత్తు మీద గోరు ఆనించింది.

"మా అమ్మ కట్టింది ఇది. దిష్టికి." వేలు కిందికి జరిపి, "గోర్లు తియ్యనిచ్చీది కాదు. సూడండి, ఎలా పెరిగున్నాయో," అంది.

వెనక షరీఫ్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో సన్నటి చెక్క ఫ్రేము ముక్కలు, స్కేలు, కత్తి. ముక్కని అటూ ఇటూ కొలిచి చూస్తూ, చెయ్యి వరకూ విడదీసి ఆమెకి చిన్న ఫ్రేము కడతాననీ, సత్యశ్రీ ముఖం ఉన్న మేర నాకు ఉండిపోతుందనీ చెప్పాడు. న్యాయంగా పంచుతున్నవాడిలా, జాగ్రత్తగా చెప్పాడు.

ఆమినాబీ ఆ ముక్కని రొమ్ముకి ఆనించుకుంది.

"కొయ్యొద్దు. ఇంకోపాలి కొయ్యొద్దు. ఒదిన ఒళ్ళోనే ఉండనీ."

మొత్తం నువ్వే ఉంచుకో అన్నాను. అంటున్నప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమంది. వెనక నీలం రంగు పూయని, అలా సూటిగా చూసి నవ్వే సత్యశ్రీ నా దగ్గర అదొక్కటే. అయినా అనగలిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, వద్దనలేదు. వద్దని ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. ఆ సంగతి ఆమెకి తెలుసనుకుంటాను.

పాప కదిలింది. ఆమినాబీ వంగి గుడ్డ సర్ది, దాని ముఖం కేసి చూస్తూ ఉండిపోయింది. పోలిక ఉందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. కోడలు మంచం మీద నుంచి మమ్మల్నే చూస్తోంది.

"ఇంక పోలికలు నాను సెప్పినవే," అంది ఆమినాబీ, కోడలితో. "అందరూ నోరు మూసుకుని నమ్మాల."

షరీఫ్ నవ్వబోయి దగ్గాడు. రేపు భోజనానికి రావాలి, రాణిని తీసుకురండి, మీకు కారం తక్కువేసి విడిగా తీసి ఉంచుతాను అంది ఆమినాబీ నాతో. నా మీద కోపమొచ్చిందేమోనని వెతికాను. ఉల్లిపాయల ఘాటుకో దేనికో కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అంతే. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

షరీఫ్ వీధి చివరి దాకా వచ్చి ఆటో మాట్లాడతానన్నాడు. వద్దన్నాను. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, చీకట్లో నా కాళ్ళవైపు వంగి చూశాడు, చెప్పులు సరిగా వేసుకున్నానో లేదోనని. సరిగానే వేసుకున్నాను. సన్నగా చినుకు మొదలైంది. నాలుగడుగులు వేసి తిరిగి చూశాను. అతను కొట్లో లైటు ఆర్పి, లోపల పాప లేస్తుందని, తలుపు రెండు రెక్కలూ చేత్తో పట్టుకుని మెల్లగా దగ్గరకు వేసి, చప్పుడు కాకుండా గడియ పెట్టుకున్నాడు.